శాంతి పావురం రొమ్ములో బాకు

నాలుగేండ్లకోసారి ఒలింపిక్స్ వస్తాయి. నాలుగేండ్లకోసారి ఫుట్‌బాల్ ప్రపంచకప్పు వస్తుంది. వాటి వెంబడే రెండు నీతులు కూడా ఊరేగుతూ వస్తాయి. ఆటల్లోకి రాజకీయాలు తేవద్దనేది ఒకటి. కార్టూన్‌ను కార్టూన్ లెక్కనే చూడాలె, నవ్వి ఊరుకోవాలె అనేది రెండోది. చిత్రమేమిటంటే ఈ రెండు నీతులూ చాలాసార్లు ఒకే నోటి నుంచి వస్తాయి. స్టేడియం కట్టిన సర్కారు మీద బొమ్మ గీస్తే మొదటి నీతి బయటికి తీస్తారు. ఓడిపోయిన ఒక నల్లజాతి ఆటగత్తె పెదవుల మీద బొమ్మ గీస్తే రెండో నీతి బయటికి తీస్తారు.

మేము ఈ రెంటినీ ఒప్పుకోం. జెండా, జాతీయగీతం, చిహ్నం, మస్కట్, సైనిక వందనం, దేశాధినేతలకు మొదటి వరుస కుర్చీలు, ఇన్ని పెట్టుకుని ఇందులో రాజకీయం లేదంటే నమ్మేదెవరు? అంతర్జాతీయ పోటీ అంటేనే ఒక సర్కారు ప్రపంచం ముందు తన బొమ్మ తాను గీసుకోవడం. ఆ బొమ్మ మీద ఇంకో గీత గీసే హక్కు జనానికి ఉంటుంది. ఆ గీత ఎవరి మీద పడుతున్నదో అడిగే హక్కు కూడా ఉంటుంది. ఈ రెండో హక్కును ‘అసహనం’ అని కొట్టేసే పెద్దమనుషులతోనే ఇప్పుడు మా పంచాయితీ.

ముందు మెక్సికో సంగతి చూద్దాం. 1968.

ఒలింపిక్స్ లాటిన్ అమెరికా గడ్డ మీదికి రావడం అదే మొదటిసారి. అప్పటిదాకా అమెరికా పత్రికల్లో మెక్సికో మనిషి అంటే ఒకటే బొమ్మ. పెద్ద టోపీ మొహమ్మీదికి లాక్కుని, గోడకో చెట్టుకో ఆనుకుని కునుకు తీసే సోమరి. ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు, వాస్తుశిల్పి పెద్రో రామిరెస్ వాస్కెస్ ఈ బొమ్మను చెరిపేయాలని పట్టుబట్టాడు. న్యూయార్కు నుంచి వచ్చిన లాన్స్ వైమన్ అనే కుర్ర డిజైనరు, హుయిచోల్ ఆదివాసుల నూలు చిత్రాలను గుర్తుకు తెచ్చే సమాంతర గీతలతో ‘మెక్సికో 68’ లోగో తయారుచేశాడు. ఐదు వలయాలూ ఆ అంకెల్లో కలిసిపోయాయి. నీళ్ల మీద రాయి వేస్తే అలలు లేచినట్టు ఆ గీతలు టికెట్ల మీద, తపాలా బిళ్లల మీద, రోడ్ల మీద, ఆఖరికి ఉద్యోగినుల దుస్తుల మీద కూడా పాకాయి. వాటితో పాటు తెల్ల పావురం. ‘శాంతి ఉంటే అన్నీ సాధ్యమే’ అన్న నినాదం. ఊరంతా గోడల మీద, దుకాణాల అద్దాల మీద అదే పావురం.

ఇంతవరకు మాకేం అభ్యంతరం లేదు. తమ జాతిని వెక్కిరించిన బొమ్మకు తమ ఆదివాసుల గీతతోనే జవాబు చెప్పడం మెచ్చుకోదగ్గ పని. కానీ ఆ అందమైన గీత వెనక సర్కారు ఏం చేస్తున్నది?

ఆ జూలైలో రెండు బడుల పిల్లల కొట్లాటను సాకుగా పెట్టుకుని ‘గ్రనదేరోస్’ అనే అల్లర్ల పోలీసులు తరగతి గదుల్లోకి చొరబడి కుళ్లబొడిచారు. నెలాఖరున వందల ఏండ్ల నాటి ఒక విద్యాలయం చెక్క తలుపును సైన్యం బజూకాతో పేల్చింది. విద్యార్థులు సమ్మె కట్టారు. వాళ్ల కోరికలు జర చూడండి: రాజకీయ ఖైదీలను వదలాలె, పోలీసు అధికారులను తొలగించాలె, గ్రనదేరోస్‌ను రద్దు చేయాలె, ‘సామాజిక విచ్ఛిత్తి’ పేరుతో ఎవరినైనా లోపల వేసే 145, 145 బిస్ సెక్షన్లు ఎత్తేయాలె, చనిపోయిన, గాయపడిన వాళ్ల కుటుంబాలకు పరిహారం ఇవ్వాలె. వీటిలో ఒలింపిక్స్ ఆపాలె అన్న మాటే లేదు. అయినా ఒలింపిక్స్‌ను చెడగొట్టే కుట్ర అని సర్కారు ప్రచారం చేసింది. పెద్ద పత్రికలు చాలావరకు అదే పాట పాడాయి.

పత్రికలు మూసుకుంటే గోడలు తెరుచుకుంటాయి. శాన్ కార్లోస్, లా ఎస్మెరాల్డా చిత్రకళా విద్యాలయాల పిల్లలు లినోలియం ముక్కల మీద చాకుతో చెక్కి, ఇంకు రుద్ది, కాగితం పరిచి అచ్చు తీశారు. లేనివాళ్లు సైక్లోస్టైల్ కొట్టారు. రాత్రిపూట మైదా జిగురు డబ్బాలు మోసినోళ్లకు, స్టెన్సిల్ చినిగిపోతే మళ్లీ మొదటి నుంచి కోసినోళ్లకు ఆ కష్టం మేము వర్ణించి చెప్పక్కరలేదు. చిన్న చిన్న దళాలుగా విడిపోయి గోడలకు, సిటీ బస్సులకు అంటించారు. పోలీసులు చింపితే మళ్లీ అంటించారు.

వాళ్లు గీసిందేమిటి? కొత్త చిహ్నం కనిపెట్టలేదు. సర్కారు చిహ్నాన్నే పట్టుకున్నారు. అదే పావురం, రొమ్ములో తుపాకి బాకు దిగి, నెత్తురు కారుతున్నది. అవే ఐదు వలయాలు, వాటి పక్కన లాఠీ ఎత్తిన హెల్మెట్ మనిషి. అవే ‘మెక్సికో 68’ సమాంతర గీతలు, వాటి మధ్య యుద్ధ ట్యాంకు. ఊళ్లో సర్కారు అతికించిన పావురాల మీద కొందరు ఎర్ర రంగు చల్లిపోయారు. గీయడం రానివాడు కూడా అట్లా కార్టూనిస్టు అయ్యాడు.

ఇందులో ఉన్న తెలివి గమనించాలె. మామూలుగా కార్టూన్ వేసేవాడు చదువరికి ముందు సంగతి తెలపాలె, ఆ తర్వాత నవ్వించాలె. ఇక్కడ సంగతి తెలిపే పని సర్కారే చేసిపెట్టింది. కోట్ల పెసోలు ఖర్చు పెట్టి, పావురాన్ని పసిపిల్లగాడు కూడా గుర్తుపట్టేటట్టు చేసింది. విద్యార్థి దాని మీద ఒక్క బాకు గీస్తే చాలు. శత్రువు వేసిన డప్పు మీదనే దరువు వేయడం అంటే ఇదే. రేపు తెల్లవారి ఆ పౌరుడు బస్టాండులో సర్కారు పావురాన్ని చూసినా, కనిపించేది బాకే.

అధ్యక్షుడు దియాస్ ఓర్దాస్‌ను గొరిల్లాగా గీశారు. ఆయన ఎత్తు పండ్లను ఇంకా ఎత్తు చేసి గీశారు. ‘అది కూడా శరీరాన్ని వెక్కిరించడమే కదా, మీ నీతి ఏమైంది?’ అని అడగవచ్చు. అడగాలె కూడా. లాటిన్ అమెరికాలో ‘గొరిల్లా’ అంటే సైనిక పెత్తందారుకు జనం పెట్టిన పేరు. ఆ పండ్లు చేతిలో సైన్యం ఉన్న మనిషి పండ్లు. వాటిని గీసిన పోరని నెత్తికి తుపాకి గురిపెట్టి ఉన్నది. మేము చూసేది ఆ లెక్కనే. మొహం వంకర తిప్పకుండా వ్యంగ్య చిత్రం ఉండదు, ఆ సంగతి మాకూ తెలుసు.

అక్టోబరు 2 సాయంత్రం ట్లాటెలోల్కో కూడలిలో విద్యార్థుల సభ. ఎడమ చేతికి తెల్ల గ్లవుజు తొడుక్కున్న మఫ్టీ మనుషులు జనంలో కలిసిపోయి ఉన్నారు. వాళ్లది ఒలింపిక్స్ భద్రత కోసం తయారుచేసిన దళం. పేరు ‘ఒలింపియా బెటాలియన్’. పేరు కూడా ఒలింపిక్సే! ఏ కార్టూనిస్టూ ఇంతకన్నా చేదుగా రాయలేడు. సైన్యం చుట్టుముట్టింది, కాల్పులు మొదలయ్యాయి. చనిపోయినవాళ్ల లెక్క నేటికీ తేలలేదు. సర్కారు పదుల్లో చెప్పింది, చూసినవాళ్లు వందల్లో చెప్పారు.

మర్నాడు, అక్టోబరు 3న, ‘ఎక్సెల్సియోర్’ పత్రికలో అబెల్ కెసాడా కార్టూన్ వచ్చే చోట ఒక నల్లటి చతురస్రం వచ్చింది. బొమ్మ లేదు, మనిషి లేడు. పైన శీర్షిక ఒక్కటే: ‘ఎందుకు?’ కెసాడా ఉద్యమకారుడేం కాదు. పెద్ద పత్రికలో పేరున్న హాస్య చిత్రకారుడు. నవ్వించడమే ఉద్యోగంగా ఉన్న మనిషి ఆనాడు నవ్వించనని నల్ల సిరా పోసి చెప్పాడు. పత్రికలన్నీ సర్కారు ప్రకటనను అచ్చేసిన రోజున నిజం చెప్పింది ఆ సిరా మరకే.

పది రోజులు గడిచాయి. అక్టోబరు 12న అదే దియాస్ ఓర్దాస్ లేచి నిలబడి శాంతి క్రీడలు మొదలయ్యాయని ప్రకటించాడు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్‌కు ఆటలు ఆపాల్సిన కారణమేదీ కనిపించలేదు. కానీ అక్టోబరు 16న 200 మీటర్ల పరుగు పతకాల వేదిక మీద టామీ స్మిత్, జాన్ కార్లోస్ నల్ల గ్లవుజు పిడికిళ్లు ఎత్తితే మాత్రం ఆటల్లోకి రాజకీయం వచ్చిందని వాళ్లను పంపించేశారు. తెల్ల గ్లవుజు రాజకీయం కాదట, నల్ల గ్లవుజు రాజకీయమట.

కార్టూనిస్టుల సంగతి అంతటితో ముగియలేదు. రియుస్ అనే కలం పేరుతో గీసే ఎదువార్దో దెల్ రియో 1968లోనే తోటి చిత్రకారులతో కలిసి ‘లా గర్రపాతా’ అనే వ్యంగ్య పత్రిక పెట్టాడు. గర్రపాతా అంటే గోమారి, పశువును పట్టుకుంటే వదలని పురుగు. 1969లో రియుస్‌ను ఎత్తుకుపోయి, తొలూకా మంచు కొండ మీదికి తీసుకెళ్లి, కాల్చి చంపుతామని బెదిరించారు. ప్రాణాలతో వదిలేశారు. ఆయన మళ్లీ గీశాడు. 2017లో కన్నుమూసేదాకా గీస్తూనే ఉన్నాడు. ఈ కొండ సంగతి మనసులో పెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరం పడుతుంది.

మెక్సికో పిల్లల దారిలోనే పదేండ్ల తర్వాత అర్జెంటీనా సంగతి నడిచింది. 1976 మార్చిలో గద్దెనెక్కిన సైనిక ముఠా 1978 జూన్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు జరిపింది. ఫైనల్ ఆడిన రివర్ ప్లేట్ స్టేడియానికి కూతవేటు దూరంలోనే నౌకాదళ మెకానిక్కుల శిక్షణ పాఠశాల ఉంది. చిత్రహింసల కొట్టం అది. బతికి బయటపడ్డ ఖైదీలు స్టేడియం కేకలు తమకు వినిపించాయని తర్వాత సాక్ష్యం చెప్పారు. ఆ ప్రపంచకప్పు అధికార చిహ్నంలో బంతిని రెండు నీలం తెల్ల చారలు పొదివి పట్టుకుని ఉంటాయి. అవి జనానికి రెండు చేతులెత్తి అభివాదం చేసే పెరోన్ చేతులు. పెరోన్ బతికున్నప్పుడు తయారైన బొమ్మ, మార్చేందుకు ముఠాకు వ్యవధి దొరకలేదు. పెరోన్ మనుషులను మాయం చేస్తూ పెరోన్ చేతుల కిందనే పండుగ చేసుకున్నారు!

ఫ్రాన్సులో ఆ పోటీల బహిష్కరణ కోసం ఏర్పడిన కమిటీ ఆ బంతి చుట్టూ ముళ్లతీగ గీసింది. అక్కడి ప్రసిద్ధ ఆటల పత్రిక ‘లెకిప్’ పేరును ‘లెపిక్’ అని తిరగేసి తమ పత్రికకు పెట్టుకున్నది. ఫ్రాన్సు జట్టు ఆగలేదు, పోయి ఆడింది. కానీ ముళ్లతీగ బంతి యూరపు గోడల మీద మిగిలింది. బయట ఉండి గీయడం ఒక లెక్క, లోపల ఉండి గీయడం ఇంకో లెక్క. బ్యూనస్ ఐరిస్‌లోనే, సరిగ్గా ఆ జూన్‌లోనే, ఆంద్రేస్ కాస్యోలి ‘ఉమోర్’ పత్రిక మొదలుపెట్టాడు. మొదటి అట్ట మీద జట్టు కోచ్ మెనోత్తి, సైనిక సర్కారు ఆర్థిక మంత్రి మార్తినెస్ దె ఓస్ ఇద్దరూ కలిసిపోయిన ఒకే మొహం. కోచ్ జుట్టు, మంత్రి చెవులు. ఎంత ఖర్చయినా సరే ప్రపంచకప్పు జరిగి తీరుతుందని ఆ రెండు తలల మనిషి అంటుంటాడు. మనుషులు మాయమవుతున్న ఊళ్లో నేరుగా జనరల్ బొమ్మ వేస్తే రెండో సంచిక ఉండేది కాదు. అందుకని చెవుల ద్వారా పోయాడు. కాలం కొంచెం మారాక జనరళ్లను కూడా గీశాడు. 1983లో ఒక సంచికను సర్కారు ఎత్తుకుపోయింది.

ఇప్పుడు ఆస్ట్రేలియాకు రండి. 2018 సెప్టెంబరు. అమెరికన్ ఓపెన్ టెన్నిస్ ఫైనల్లో సెరెనా విలియమ్స్‌ను నవోమి ఒసాకా 6-2, 6-4తో ఓడించింది. అంపైర్ కార్లోస్ రామోస్‌తో సెరెనా వాదనకు దిగింది, రాకెట్ విరగ్గొట్టింది, దొంగ అన్నది. 17 వేల డాలర్ల జరిమానా పడింది. ఆమె ప్రవర్తన మీద ఎవరేమన్నా మాకు పట్టింపు లేదు. రెండు రోజులకు మెల్బోర్న్ ‘హెరాల్డ్ సన్’లో మార్క్ నైట్ కార్టూన్ వచ్చింది. సెరెనా మొహంలో ఉబ్బిన పెదవులు, చదును ముక్కు, నేల మీద పాల పీక. బానిసత్వం పోయిన తర్వాత కూడా అమెరికా తెల్లవాళ్లు నల్లవాళ్లను వెక్కిరించేందుకు దశాబ్దాలపాటు వాడిన అచ్చు అది, మక్కీకి మక్కీ. వెనకాల నిలబడ్డ ఒసాకా? ఆమె తల్లి జపాన్ మనిషి, తండ్రి హైతీ నుంచి వచ్చిన నల్లజాతి మనిషి. కార్టూన్‌లో ఆమె పసుపు జుట్టు తెల్లపిల్లగా మారిపోయింది. అలిగిన పిల్ల నల్లది కావాలె, బుద్ధిమంతురాలు తెల్లది కావాలె. సినిమాల్లో మన యాసను రౌడీకి, జోకరుకు తగిలించి, హీరోకు మాత్రం వేరే భాష పెట్టిన కాలం చూసినోళ్లకు ఈ కిటుకు తెలియంది కాదు.

విమర్శలు వెల్లువెత్తాయి. పత్రిక ఏం చేసింది? సెప్టెంబరు 12న ఆ బొమ్మను మొదటి పేజీలో మళ్లీ అచ్చేసింది. చుట్టూ ట్రంప్, కిమ్ బొమ్మలు పెట్టి, ఇక వీళ్లనూ గీయొద్దంటారా అని గగ్గోలు పెట్టింది. 2019 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రెస్ కౌన్సిల్ ప్రమాణాల ఉల్లంఘన లేదని తేల్చింది. సరే. నిషేధం పెట్టాలని, కేసు పెట్టాలని మేమూ అనడం లేదు. 145 సెక్షన్లు ఏ పేరుతో వచ్చినా మాకు వద్దు. మా కోపం ఆ గగ్గోలు మీద. రియుస్‌ను కొండ మీదికి తీసుకుపోయారు. నైట్‌ను మొదటి పేజీ మీదికి తీసుకుపోయారు. ఇద్దరిదీ ఒకే స్వేచ్ఛ, ఒకే త్యాగం అన్నట్టు మాట్లాడుతుంటే వింటూ కూర్చోవాలా? ట్రంప్‌ను గీసిన లెక్కలోనే సెరెనాను గీశామంటే, ట్రంప్ చేతిలో అణ్వస్త్రాల మీట ఉన్నది, సెరెనా చేతిలో విరిగిన రాకెట్ ఉన్నది.

మన దేశంలోనూ ఒకటి చూడాలె. 2010 అక్టోబరులో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలు. సెప్టెంబరు 21న స్టేడియం పక్కన కడుతున్న కాలినడక వంతెన కూలి కూలీలు గాయపడ్డారు. కార్టూనిస్టులకు పండుగే. అయితే ఆ రోజుల్లో ఏ పత్రిక తెరిచినా దాదాపు ఒకటే మొహం, సురేశ్ కల్మాడీ మొహం. లేదంటే షేరా అనే పులి మస్కట్ బొమ్మ. ఆ నవ్వుల్లో పక్కకు పోయిన లెక్క ఒకటుంది. ఢిల్లీ దళితుల కోసం స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ కింద పెట్టిన డబ్బులో 600 కోట్లకు పైగా ఈ క్రీడల పనులకు మళ్లింది. నాటి హోంమంత్రి చిదంబరం రాజ్యసభలోనే ఒప్పుకున్నారు. దళితవాడ బడికి, బోరుకు, బాటకు పోవాల్సిన పైసలు అవి. ఈ దోపిడికి దొరకబుచ్చుకోవడానికి ఒక ముక్కు, ఒక గడ్డం లేవు. అది బడ్జెట్ పద్దులో ఉన్నది. మొహం దొరికిన చోటే గీసే అలవాటు ఉన్న కుంచెకు పద్దు కనబడలేదు. కల్మాడీ 2011లో అరెస్టయ్యారు. 2025 ఏప్రిల్‌లో ఈడీ ఇచ్చిన ముగింపు నివేదికను ఢిల్లీ కోర్టు ఆమోదించింది. మొహం పోయింది, బొమ్మలూ పోయాయి. 2030 కామన్‌వెల్త్ క్రీడలు అహ్మదాబాదుకు వచ్చాయి. ఈసారైనా పద్దులు చదివి గీసేవాళ్లు ఉంటారా?

చివరగా మన గుమ్మం ముందటి సంగతి, ఖతర్. 2010 డిసెంబరు 2న ఆ దేశానికి 2022 ప్రపంచకప్పు దక్కింది. ఎనిమిది స్టేడియాలు, అందులో ఏడు కొత్తవి. ఆ పదేండ్లలో భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంకల కార్మికులు 6,500 మందికి పైగా ఖతర్‌లో చనిపోయారని 2021 ఫిబ్రవరిలో ‘గార్డియన్’ పత్రిక లెక్క కట్టింది. అందులో 2,711 మంది మన దేశం వాళ్లు. అందరూ స్టేడియం కూలీలు కారు, అన్ని పనుల వాళ్లూ ఉన్నారు. కానీ ఎండ ఒకటే, కఫీల్ ఒకడే, గుంజుకున్న పాస్‌పోర్టు ఒకటే. మన వాళ్లలో 80 శాతం చావులను ‘సహజ మరణం’ అని రాశారు. రోజుకు పది గంటలు ఎండలో ఇనుము మోసిన ముప్పై ఏండ్ల మనిషి గుండె ఆగితే సహజమట.

యూరపు కార్టూనిస్టులు గీశారా? గీశారు. కప్పును పుర్రె చేశారు, స్టేడియాన్ని సమాధి చేశారు. 2022 నవంబరు 19న దోహాలో ఫిఫా అధ్యక్షుడు ఇన్‌ఫాంటినో ఈరోజు నాకు నేను వలస కూలీననిపిస్తున్నది అంటే ఆయన గుండును చెండాడారు. బాగున్నది. అయితే పారిస్‌లో వందేండ్ల పేరున్న ‘కనార్ ఆన్‌షేనె’ ఏం గీసింది? గడ్డాలు పెంచిన ఖతర్ ఆటగాళ్లు తుపాకులు, కత్తులు, రాకెట్ లాంచర్లు పట్టుకుని బంతి వెంట ఉరుకుతున్నారు. ఖతర్ షేకుల మీద మాకు ఏ ప్రేమా లేదు, వాళ్లు మా జనానికి చేసింది మాకు తెలుసు. కానీ ఆ బొమ్మలో కఫీల్ ఎక్కడ? లేబర్ క్యాంపు ఎక్కడ? కంపెనీల లాభం ఎక్కడ? ముస్లిం అంటే తుపాకి అన్న పాత అచ్చు తప్ప అందులో ఏమీ లేదు. కూలీని చంపిన వ్యవస్థ ఆ గడ్డాల వెనక హాయిగా దాక్కున్నది. కోపం తెచ్చుకున్న ఖతర్ పెద్దలకు కూడా అది మేలే చేసింది. కూలీల చావుల గురించి జవాబు చెప్పే పని తప్పి, మమ్మల్ని అవమానించారని చెప్పుకునే వీలు దొరికింది.

ఇంకో సంగతి. మేము చూసిన ఖతర్ కార్టూన్లలో షేకుకు మొహం ఉన్నది, ఇన్‌ఫాంటినోకు మొహం ఉన్నది. కూలీకి లేదు. హెల్మెటో, పుర్రెనో, శవపేటికనో. సానుభూతితో గీసినవాళ్లు కూడా అట్లే గీశారు. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి, నిజామాబాద్ నుంచి పోయిన మనిషికి మొహం ఉండదా? ఏజెంటుకు కట్టిన అప్పు, కల్లివెల్లి అయిన రాత్రి, ఫోన్‌లో బిడ్డ మాట, శంషాబాద్ కార్గో గేటు ముందు పెట్టె కోసం నిలబడ్డ తమ్ముడు, వీటన్నింటికీ ఒక ముక్కు, ఒక కన్ను ఉండవా? దూరంగా ఉన్న పారిస్ కార్టూనిస్టుకు అవి తెలియకపోవచ్చు. ఆ గేటు ముందు నుంచి రోజూ పోయే మన కార్టూనిస్టులకు తెలుసు.

2024 డిసెంబరు 11న ఫిఫా 2034 ప్రపంచకప్పును సౌదీ అరేబియాకు రాసిచ్చింది. పోటీకి ఇంకో దేశం లేదు. పదిహేను స్టేడియాలు, వాటిలో ఎక్కువ కొత్తగా కట్టాల్సినవే. లోగో వచ్చింది, రంగులు వచ్చాయి, మస్కట్ కూడా వస్తుంది. పునాదులు తవ్వేందుకు వీసాలు మన జిల్లాలకు కూడా వస్తాయి. ఆ లోగోను ముందేసుకుని చాకు, లినోలియం ముక్క తీసుకుని కూర్చునే పిల్లలు మన చిత్రకళా కళాశాలల్లో ఎంతమంది ఉన్నారో వాళ్లు గీయడం ఇప్పుడే మొదలుపెట్టాలె. మొదటి పెట్టె వచ్చినంక కాదు.